పక్షవాతము: రక్తపు గడ్డను తొలగించు చికిత్స

ముసలితనములో కాలు, చెయ్యి పడిపోయినవారిని చూచి “వయసు మీరినది, ఇక చేయునదేమున్నది?” అనుట కోయిలకుంట్ల వంటి ఊళ్లలో వినబడు మాటయే. వైద్యశాస్త్రము కూడ చాలకాలము ఇంచుమించు ఇట్లే తలచినది. ఆ తలంపు ఎట్లు మారినదో తెలిసికొనుట అవసరము.

స్విట్జర్లాండు వైద్యుడు వెప్ఫర్ మృతుల మెదళ్లను పరీక్షించి, మెదడులో రక్తస్రావమగుటయే ఈ వ్యాధికి కారణము కాగలదని 1658లో తెలిపెను. 19వ శతాబ్ది మధ్యమున జర్మనీ శాస్త్రజ్ఞుడు విర్కో, ఒకచోట ఏర్పడిన రక్తపు గడ్డ ప్రవాహములో కొట్టుకొనిపోయి వేరొకచోట నాళమును మూయగలదని నిరూపించెను. కర్నూలు-కడప కాలువ పూడినచో దిగువ పొలములు ఎండును. అట్లే గడ్డకు అవతలనున్న మెదడు కణములు ప్రాణవాయువు అందక నశించును. పెద్ద నాళము మూసికొన్నచో నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు పోవునని అంచనా.

కర్నూలు వైద్యకళాశాల ఏర్పడిన 1957లో, రోగికి వచ్చినది గడ్డయో, రక్తస్రావమో సులభముగా తేల్చు సాధనము ప్రపంచములో ఎక్కడను లేదు. 1971లో ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. స్కానరు ఆ లోటు తీర్చెను. గడ్డను కరిగించు టి.పి.ఎ. అను మందును 3 గంటలలోగా ఇచ్చిన మేలు కలుగునని 1995లో అమెరికాలో తేలినది. 2008లో ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచిన పరిశోధనలో 80 ఏండ్లు దాటినవారిని చేర్చుకొనలేదు. అయితే 2012లో వెలువడిన మరొక పరిశోధనలోని 3,035 మందిలో సగమునకు పైగా అట్టి వృద్ధులే. వారికి కలిగిన మేలు చిన్నవారికంటె తక్కువ కాదని తెలిసెను.

పెద్ద గడ్డలను మందొక్కటే తరచు కరిగించలేదు. అందుచేత తొడ మొదటి ధమని గుండా సన్నని గొట్టమును మెదడు నాళము వరకు పంపి, గడ్డను పట్టి లాగు పద్ధతి వచ్చినది. 2013లో వెలువడిన మూడు పరిశోధనలు నిరాశనే మిగిల్చెను. సన్నని తీగలతో అల్లిన వల వంటి సాధనము వాడుకలోనికి వచ్చిన పిదప ఫలితము మారినది. 2015లో ప్రకటింపబడిన నెదర్లాండ్సు పరిశోధనలో 500 మంది రోగులుండిరి. ఈ చికిత్స పొందినవారిలో నూటికి 33 మంది, పొందనివారిలో 19 మంది మూడు నెలలకు తమ పనులు తాము చేసికొనగలిగిరి. అట్టి 5 పరిశోధనలను 2016లో కలిపి చూడగా, 80 దాటినవారికిని మేలు స్పష్టముగా కనబడెను.

వృద్ధులందరును కోలుకొందురని దీని అర్థము కాదు. వారిలో మరణములు ఎక్కువే. పూర్వపు ఆరోగ్యము, మెదడులో ఇంకను బ్రతికియున్న భాగము చూచి వైద్యులు నిర్ణయింతురు. కొందరికి 24 గంటల వరకు అవకాశముండునని 2018లో తేలినను, ఆలస్యము నష్టమే.

మూతి వంకరపోవుట, ఎత్తిన చెయ్యి నిలువకుండుట, మాట తడబడుట కనబడినచో, ఆ వేళను గుర్తుంచుకొని వెంటనే 108కు తెలుపవలెను. రోగి వయసుకంటె ముందుగా లెక్కింపవలసినది గడచిన నిమిషములనే.