తౌడు నుండి మాత్ర వరకు

19వ శతాబ్దపు చివరి భాగమున, డచ్చివారి ఏలుబడిలోనున్న జావా ద్వీపమున బెరిబెరి వ్యాధి ప్రబలముగా నుండెను. కాళ్లు చచ్చుపడి, గుండె నీరసించి సైనికులును, ఖైదీలును మరణించుచుండిరి. దానికి ఏదో సూక్ష్మజీవి కారణమని తలచి, నేడు జకార్తా యనబడు బటావియాలోని సైనిక వైద్యశాలయందు క్రిస్టియాన్ ఐక్‌మన్ అను వైద్యుడు కోళ్లపై పరిశోధనలు చేయుచుండెను. ఒకప్పుడు ఆ కోళ్లకు బెరిబెరి వంటి జబ్బే చేసెను. కొన్ని నెలలకు అది దానంతట అదే నయమయ్యెను. విచారింపగా, జబ్బు చేసిన కాలమున వాటికి వైద్యశాల వంటయింట మిగిలిన తెల్లని అన్నము పెట్టుచుండిరని తేలెను. తరువాత వచ్చిన వంటవాడు, సైనికుల అన్నము సైన్యమునకు చెందని కోళ్లకు పెట్టరాదని మానివేసెను. తౌడు పొర పోని బియ్యము తిని కోళ్లు కోలుకొనెను. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమానము లభించెను. వంటవానికి ఏమియు లభింపలేదు.

తెల్లని బియ్యములో విషమున్నదని ఐక్‌మన్ మొదట భావించెను. ఉన్న విషము కాదు, లేని పోషకమే కారణమని అతని అనంతరము పనిచేసిన గ్రైన్స్ 1901లో చెప్పెను. 1912లో లండనునందు కాసిమిర్ ఫంక్ ఇట్టి పదార్థములకు విటమినులని పేరిడెను. 1948లో బి-12ను వేరుచేయుటతో 13 విటమినుల పట్టిక పూర్తియయ్యెను.

ఈ కథలో అద్భుతమంతయు లోపమును పూరించుటలో నున్నది. స్కర్వీతో చిగుళ్లు చీకిన నావికుడు నిమ్మపండ్లతో కొలది దినములలో లేచి తిరుగును. అది చూచినవారికి సహజముగా ఒక ఆశ పుట్టినది: లోపమున్నవానికి ఇంత మేలుచేయు వస్తువు లోపము లేనివానికి అదనపు బల మీయదా? 1940 తరువాత అమెరికాలో రోజుకొక విటమిను మాత్ర మింగుట అలవాటుగా వ్యాపించెను. ఆ ఆశ నిజమో కాదో తూచిచూచుటకు మరి అర్ధశతాబ్ది పట్టెను.

అట్లు తూచిన వానిలో మొదట చెప్పదగినది ఫోలిక్ ఆమ్లము. బొంబాయిలో గర్భవతులకు వచ్చు ఒకవిధమైన రక్తహీనత ఈస్టు సారముతో నయమగునని లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణమునకు మూలమైన పదార్థమును 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర నుండి తీసి, లాటిను భాషలో ఆకు అను అర్థమిచ్చు మాటనుబట్టి పేరు పెట్టిరి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలవారు 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిరి. అయితే బి-12 లోపించినవానికి ఇది ఒక్కటే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడును. లోలోపల నరములు మాత్రము చెడుచునే యుండును. మందు మంచిదే, వ్యాధి వేరు.

వెన్నెముక మూసుకొనక శిశువు పుట్టు లోపము విటమినుల కొరతవలన కలుగునా యను సందేహముతో 7 దేశములలోని 33 కేంద్రములలో ఒక పరీక్ష జరిగెను. అంతకుముందు అట్టి బిడ్డను కన్న స్త్రీలను నాలుగు తెగలుగా విభజించిరి. ఒక తెగకు ఫోలిక్ ఆమ్లము, ఒక తెగకు తక్కిన ఏడు విటమినులు, ఒక తెగకు రెండును, ఒక తెగకు రెండునూ లేని మాత్ర ఇచ్చిరి. 1991లో ఫలితము వెలువడెను. ఫలితము తెలిసిన 1,195 గర్భములలో 27 లోపములు కలుగగా, ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొన్నవారిలో 6, పుచ్చుకొననివారిలో 21. తక్కిన ఏడింటివలన చెప్పుకోదగిన రక్షణ కానరాలేదు.

రెండవ పరీక్ష ఫిన్లండులో జరిగెను. కెరొటీను గల కూరగాయలు తినువారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తక్కువగా నుండుట చూచి, పొగత్రాగు 29,133 మంది పురుషులపై కెరొటీను మాత్రను పరీక్షించిరి. 1994లో లెక్క తేలెను. మాత్ర తినినవారిలో ఆ క్యాన్సరు తగ్గలేదు సరికదా, 18 శాతము హెచ్చెను. మరణములును కొంత పెరిగెను. అమెరికాలో అట్టిదే మరియొక పరీక్షను 1996 జనవరిలో గడువుకు ముందే నిలిపివేసిరి. కూరలు తినువాడు ఒక్క కెరొటీనునే తినుటలేదు. పైగా అతని అలవాట్లును వేరుగా నుండవచ్చును. ఈ సంగతి ముందే తోచవలసినది.

ఇక అన్ని విటమినులు కలిపిన నిత్యపు మాత్ర సంగతి. 50 ఏండ్లు దాటిన 14,641 మంది అమెరికా వైద్యులకు సగటున 11 ఏండ్లు మాత్రలిచ్చి 2012లో ఫలితము ప్రకటించిరి. క్యాన్సర్లు 8 శాతము తగ్గినవి. గుండెజబ్బులలో భేదము లేదు. వృద్ధులలో జ్ఞాపకశక్తి కొద్దిగా నిలుచునని ఇటీవలి పరీక్షలు కొన్ని సూచించుచున్నవి. అయితే సుమారు 3,90,000 మంది ఆరోగ్యవంతులను 20 ఏండ్లకు పైగా గమనించి 2024లో ప్రకటించిన అధ్యయనములో మాత్రలు తినువారి ఆయువు పెరిగినట్లు లేదు. మితాహారము సరిగా తినువాని విషయములో ఆ ఖర్చుకు ఫలమింతే. అధికమైన సి విటమిను మూత్రమున పోవును. ఎ విటమిను అట్లు పోక కాలేయమున పేరుకొని హాని చేయగలదు.

మన ఆరోగ్య కేంద్రములలో గర్భవతులకిచ్చు మాత్రలో ఉన్నవి రెండే: ఇనుము, ఫోలిక్ ఆమ్లము.