అద్దె గుమ్మం దాటే హక్కు

ఇంటి ఓనరు అద్దెకిచ్చిన వాటాలోకి ఎప్పుడు రావచ్చు? బ్రిటిష్ ఇండియాలో 1882లో వచ్చిన రెండు చట్టాలు దీనికి జవాబు రాసిపెట్టాయి.

మొదటిది ఆస్తి బదిలీ చట్టం. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, సబబైన వేళల్లో యజమాని వచ్చి ఇల్లు చూసుకోవచ్చంటుంది 108వ సెక్షన్. ఏది సబబైన వేళో మాత్రం చెప్పదు. తగాదాలకు అది చాలదూ!

రెండోది మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాల స్మాల్ కాజ్ కోర్టుల చట్టం. అసలు నాటకమంతా ఇందులోనే. అద్దె బకాయి పడితే సామాన్ల జప్తుకు యజమాని వారంటు కోరవచ్చు. లోపలికెళ్లేది మాత్రం కోర్టు బెయిలిఫు. అదీ పొద్దు పొడిచాక, పొద్దు గూకేలోపే. పశువుల కొట్టమో గాదో అయితే బద్దలు కొట్టవచ్చు. ఇల్లయితే వీధి తలుపు తెరిచి ఉంటేనే అడుగుపెట్టాలి. ఒకసారి లోపలికెళ్లాక గది తలుపు పగలగొట్టినా తప్పులేదు, ఘోషా స్త్రీల గదుల జోలికి మాత్రం పోకూడదు. కట్టుబట్టలు, ఆ క్షణాన చేతిలో వాడుతున్న వస్తువు ముట్టకూడదు.

ఈ జప్తుకు మూలం ఇంగ్లండు ఆచారం. అక్కడ ఆ పాత జప్తు 2014 దాకా బతికింది.

మన కేంద్ర క్యాబినెట్ 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం గడియారం చూపించింది. కనీసం 24 గంటల ముందు, కాగితం మీదో ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో నోటీసివ్వాలి. రాకూడని వేళలు కూడా చెప్పింది. అయితే అది నమూనాయే. రాష్ట్రం తన చట్టంలో రాసుకుంటేనే అక్కడ అమలవుతుంది.