కాందిశీకుల శిబిరములో పుట్టిన ఫుట్‌బాల్ జట్టు

జోర్డాను రాజధానియైన అమ్మాన్ నగరమున అల్ వెహ్దాత్ అను ఫుట్‌బాల్ క్లబ్బు కలదు. అరబ్బీ భాషలో వెహ్దాత్ అనగా యూనిట్లు. ఇచ్చట, వరుసలుగా కట్టి కుటుంబమునకు ఒకటి చొప్పున పంచియిచ్చిన వసతులు. ఆటజట్టులకు సింహముల పేర్లో, రాజుల పేర్లో పెట్టుకొనుట లోకములో పరిపాటి. ఇరుకు గదుల పేరు పెట్టుకొని దానినే గర్వముగా చెప్పుకొను జట్టులు అరుదు. ఆ పేరు ఎట్లు వచ్చినదో, దానిని మార్చబూనినప్పుడు ఏమి జరిగినదో చెప్పుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

1948 నాటి యుద్ధములో సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనా అరబ్బులు తమ ఊళ్లకు దూరమైరి. కొందరు ప్రాణభయముచే పారిపోయిరి, మరికొందరు తరిమివేయబడిరి. వారిలో అనేకులు జోర్డాను నదికి తూర్పు తట్టున చేరుకొనిరి. తెలుగు బైబిలులో యొర్దాను అని చదువుకొనునది ఈ నదినే. వారి సహాయార్థము ఐక్యరాజ్యసమితి 1949 డిసెంబరులో ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పెను. ఆ సంస్థ 1955లో అమ్మాన్ నగరమునకు ఆగ్నేయముగా, అర చదరపు కిలోమీటరు కూడ లేని నేలపై 1,400 వసతులు కట్టించినది. అవి చాలక రెండేండ్లకు మరి 1,260 కట్టవలసివచ్చెను. సంస్థవారు దానికి పెట్టిన పేరు ‘అమ్మాన్ కొత్త శిబిరము’. కాని జనులు వెహ్దాత్ అనిరి, ఆ పేరే నిలిచినది.

బడి, వైద్యశాల, తిండిగింజల పంపకము, వీనితోపాటు యువకులకొక కేంద్రము కూడ కావలెనని తోచి, 1956లో దానిని ఏర్పాటు చేసిరి. క్లబ్బు పుట్టుక అదియే. ఫుట్‌బాల్ బీదవాని ఆట. ఒక బంతి, కొంచెము చదునైన నేల ఉన్న చాలును. ఊరును, పొలమును, పనిని పోగొట్టుకొన్నవారి పిల్లలకు అంతకు మించినది దొరకుట కూడ కష్టమే.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. 1950లో జోర్డాను రాజ్యము నది పశ్చిమపు తట్టును తనలో కలుపుకొనెను. 1954 నాటి చట్టముచే అచ్చటి పాలస్తీనీయులకు, కాందిశీకులకు సైతము, జోర్డాను పౌరసత్వము లభించినది. లెబనానులో చేరిన కాందిశీకులలో అత్యధికులకు ఈ భాగ్యము కలుగలేదు. కనుక వెహ్దాత్ శిబిరవాసి చట్టప్రకారము పరాయివాడు కాడు. కాని ఏ ఊరివాడవని అడిగినచో, తాను పుట్టియైన ఎరుగని యాఫా పేరో, లిద్దా పేరో, రమ్లా పేరో చెప్పును. పౌరసత్వమొక చోట, ఊరి పేరొక చోట. ఈ రెంటి నడుమ ఉన్న ఎడమును పూడ్చుట ఏ ప్రభుత్వమునకైనను సులభము కాదు.

1967 యుద్ధములో పశ్చిమపు తట్టు ఇస్రాయేలు వశమైనది. మరల వేలకొలది కుటుంబములు నదిని దాటి వచ్చెను. 1970 సెప్టెంబరులో జోర్డాను సైన్యమునకును, పాలస్తీనా సాయుధ దళములకును ఘోరమైన పోరాటము జరిగినది. వెహ్దాత్ శిబిరము ఫిరంగి గుండ్లకు గురియైనది. 1971 నాటికి ఆ దళములు దేశమును వీడిపోయెను. అటుపిమ్మట శిబిరవాసులు తమ స్వదేశపు పేరును పదిమందిలో నిర్భయముగా పలుకదగిన తావులు బహు కొలదిగా మిగిలినవి. వానిలో ఒకటి ఆటమైదానము. జట్టు రంగులు ఆకుపచ్చ, ఎరుపు; చిహ్నముపై యెరూషలేములోని పవిత్ర శిలపై వెలసిన గుమ్మటము. ఇంతకంటె ఉపన్యాసమెందులకు? తమకు గొంతు లేని కాలమున వెహ్దాత్ జట్టే తమ గొంతుగా ఉండెనని పాలస్తీనా నాయకుడు యాసిర్ అరాఫత్ అన్నట్లు చెప్పుకొందురు.

1980లో ఈ జట్టు మొదటిసారిగా జోర్డాను లీగు విజేతయైనది. ఇరువదియైదేండ్లు కూడ నిండని శిబిరపు జట్టు రాజధానిలోని పాత క్లబ్బుల నోడించి దేశమునకు మేటిగా నిలుచుట సామాన్య విషయము కాదు. గెలుపుతోపాటు అనుమానము కూడ వచ్చినది. 1986లో ప్రభుత్వము క్లబ్బు పేరును ‘అల్ దిఫ్ఫతైన్’ అని మార్చెను. ఆ మాటకు అర్థము ‘రెండు తట్లు’, అనగా నదికి ఇరువైపుల నేలలు. తూర్పు తట్టు, పశ్చిమపు తట్టు ఒకే రాజ్యమని చాటు పేరది. ఆలోచన చెడ్డదనుటకు లేదు. కాని అది అడిగి పెట్టిన పేరు కాదు. శిబిరములోని గదుల నుండి పుట్టిన పేరును తీసివేసి, రాజకీయ పటము నుండి తెచ్చిన పేరును అతికించిరి. విధి విచిత్రము చూడుడు. 1988 జూలై 31వ తేదీన జోర్డాను రాజు హుస్సేను పశ్చిమపు తట్టుతో తమ రాజ్యమునకు గల పాలనా సంబంధములను తెంచివేయుచున్నట్లు ప్రకటించిరి. ఒక తట్టును వదలుకొన్న రాజ్యములో ‘రెండు తట్లు’ అను పేరునకు ఇక చోటేది? ఆ దశకము ముగియులోపుననే వెహ్దాత్ అను పాత పేరు తిరిగి వచ్చినది. ఆ పేరుతోనే 1994 మొదలు 1997 వరకు వరుసగా నాలుగు సార్లు లీగును గెలిచిరి.

వెహ్దాత్ కథలో ప్రత్యర్థియైన అల్ ఫైసలీ జట్టును విస్మరింపరాదు. 1932లో స్థాపితమైన ఆ క్లబ్బు అభిమానులలో హెచ్చుమంది నదికి తూర్పున తరతరములుగా నివసించుచున్న జోర్డానీయులు. ఈ రెండు జట్లు తలపడిన నాడు ఆట ఆటగా మిగులుట కష్టము. 2009లో జర్కా పట్టణమున జరిగిన ఆటలో ఫైసలీ అభిమానులు కొందరు పాలస్తీనీయులను గూర్చియు, ఆ సంతతికి చెందిన రాణిని గూర్చియు అనుచితమైన నినాదములు చేయగా, ఆట నడుమనే ఆగిపోయినది. 2010 డిసెంబరులో వెహ్దాత్ గెలిచిన ఒక ఆట ముగిసిన పిదప అల్లరి చెలరేగి, ప్రేక్షకుల కంచె కూలి, 200 మందికి పైగా గాయపడిరి. దోషమంతయు ఒక వైపుననే ఉన్నదని మేము అనము. వెహ్దాత్ వారి కేకలలోను కవ్వింపు లేకపోలేదు. పార్లమెంటులోను, పత్రికలలోను నిదానముగా చర్చింపవలసిన ప్రశ్నను మైదానపు మెట్లపై కుర్రవాండ్రకు వదలివేసినచో ఇట్లుగాక మరెట్లు జరుగును?

పాలస్తీనీయుల క్లబ్బు అనగానే దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు ‘పలెస్తీనో’ కొందరికి జ్ఞప్తికి రావచ్చును. అది 1920లో పుట్టినది. 1955లోను, 1978లోను ఆ దేశపు విజేత. కాని దానిని స్థాపించినవారు బ్రదుకుతెరువునకై సముద్రములు దాటిపోయిన వలసవారే గాని కాందిశీకులు కారు. వారిది దూరదేశపు జ్ఞాపకము. వెహ్దాత్ వారికి పోగొట్టుకొన్న నేల ఒక పూట ప్రయాణములోనే ఉన్నది. వెళ్లి కాపురముండుటకు మాత్రము వీలు లేదు.

శిబిరమున నాటి ఒంటి గదులు అంతస్తులుగా పెరిగినవి. చుట్టును నగరము వ్యాపించి, దాని అంగడి వీధి అమ్మాన్‌లో పేరుపొందిన బజారులలో ఒకటియైనది. సహాయ సంస్థ పట్టికలో ఆ శిబిరమునకు చెందిన కాందిశీకులు 50,000కు పైగా ఉన్నారు. క్లబ్బు లీగును పదునైదుకు మించిన పర్యాయములు గెలుచుకొన్నది. 2021లో ఆసియా ఛాంపియన్స్ లీగు ప్రధాన దశలో ఆడిన తొలి జోర్డాను జట్టు కూడ ఇదియే.

వెహ్దాత్, ఫైసలీ ఆటగాండ్రు జాతీయ జట్టులో ఒకే చొక్కా తొడుగుకొని ఆడుచున్నారు. మన దేశపు జట్టు ఆ చొక్కాను ఎదుర్కొన్న సందర్భమొకటి కలదు. 2018 నవంబరు 17న, వెహ్దాత్ వారి సొంత మైదానముగా పేరొందిన అమ్మాన్‌లోని రెండవ అబ్దుల్లా రాజు స్టేడియమున, భారతదేశము జోర్డానుతో తలపడినది. జోర్డాను గోలురక్షకుడు ఆమెర్ షఫీ, వెహ్దాత్ తరఫున అనేక సంవత్సరములు ఆడినవాడు. తన గోలు ముంగిట నిలిచి బంతిని బలముగా తన్నగా, అది మైదానము పొడవున పోయి నేలను తాకి పైకి లేచి, మన గోలురక్షకుడు గురుప్రీత్ సింగ్ తలమీదుగా వలలో పడినది. ఆ ఆటలో జోర్డాను 2-1 తేడాతో గెలిచినది.