ఇంజన్ అదురు (పాత కార్లు)

ఇంజన్ వేగంతో పాటు పెరుగుతూ స్టీరింగు, గేరురాడ్డు, కాళ్లకింది రేకు దాకా పాకే వణుకును మెకానిక్కులు అదురు అంటారు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. ఈ వ్యాసం వాటిలో ఒక్కదాని గురించే. క్రాంక్ షాఫ్ట్‌తో కలిసి కదిలే ఫ్లైవీలు, ప్రెషర్ ప్లేటు, ముందు పుల్లీ, పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు వేర్వేరు బండ్లనుంచి వచ్చి, ఒకదానితో ఒకటి తూకం కుదరకపోవడం ఆ కారణం. కంపెనీ విడిభాగాలు ఆగిపోయిన బండ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. బోల్టు రంధ్రాలు కలిశాయంటే భాగం సరిపోయినట్టేనని నమ్మడమే దీనికి మొదలు.

సున్నిపెంట దారి

ఈ అదురు బాగా బయటపడే దారుల్లో సున్నిపెంట దారి ఒకటి. ఆ ఊరు నంద్యాల జిల్లా శ్రీశైలం మండలంలో ఉంది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది. శ్రీశైలం ఆనకట్ట పనివాళ్లకూ ఇంజనీర్లకూ కాలనీగా పెరిగిన ఊరు ఇది. ఆనకట్టకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ పనులు సాగిన కాలంలో సర్కారు బండి అంటే జీపు, లేదంటే అంబాసిడర్. అలాంటి బండ్లు తర్వాత వేలాల్లో చేతులు మారి, ఇంజన్లు మార్చుకుని, ఇప్పటికీ అక్కడక్కడా నడుస్తున్నాయి.

నంద్యాల నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా సున్నిపెంటకు వెళ్లేటప్పుడు నల్లమల ఘాటు ఎక్కాలి. నంద్యాల-ఆళ్లగడ్డ చదును రోడ్డు మీద టాప్ గేరులో మెల్లగా పోయే బండిలో అదురు దాదాపు తెలియదు. ఘాటులో రెండో గేరు వేసి ఇంజన్‌ను గట్టిగా తిప్పినప్పుడు అది బయటపడుతుంది. అందుకే చాలామంది ‘ఎక్కుడులో ఇంజన్ లాగలేకపోతోంది’ అనుకుని కార్బురేటరు విప్పుతారు. తప్పు చాలాసార్లు వెనక, ఫ్లైవీలు దగ్గర ఉంటుంది.

తూకం తప్పితే ఏమవుతుంది

కుమ్మరి సారె మీద మట్టిముద్ద నడిమికి రాకపోతే చెయ్యి ఎలా కొట్టుకుంటుందో, ఇక్కడ బేరింగు అలా కొట్టుకుంటుంది. తిరిగే వస్తువులో ఒకవైపు అదనపు బరువుంటే అది బయటికి లాగే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరంలో 10 గ్రాముల తేడా ఉందనుకుందాం. నిమిషానికి 1,500 చుట్ల దగ్గర ఆ లాగుడు సుమారు రెండున్నర కిలోల బరువంత. 3,000 దగ్గర పది కిలోలంత. చుట్టు చుట్టుకూ దిక్కు మార్చుకుంటూ సెకనుకు 50 సార్లు లాగుతుంది. పదిగ్రాములంటే ఒక చిన్న నట్టు, వాషరు. ఫ్లైవీలు పళ్ల రింగు మార్చినప్పుడో, లేతు మీద దాని ముఖం తిరగబట్టినప్పుడో ఇంతకంటే ఎక్కువ తేడా రావడం కష్టమేమీ కాదు.

అయితే నాలుగు సిలిండర్ల వరస ఇంజన్‌కు పుట్టుకతో వచ్చే అదురు ఒకటుంది. పిస్టన్ పై సగంలోనూ కింది సగంలోనూ ఒకే తీరుగా కదలదు కాబట్టి, చుట్టుకు రెండుసార్లు చొప్పున నిలువుగా ఒక కుదుపు మిగిలిపోతుంది. దాన్ని అణచడానికి రెండింతల వేగంతో ఎదురెదురుగా తిరిగే జంట షాఫ్టుల ఉపాయం ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్‌ది. 1975లో మిత్సుబిషి దాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చింది. మన పాత బండ్లలో అలాంటి ఏర్పాటు లేదు. ఆ కుదుపును రబ్బరు మౌంటింగులే మింగుకోవాలి. దాన్ని తప్పుగా ఎంచి ఇంజన్ దింపితే డబ్బు దండగ.

ఏ బండిలో ఏది

అంబాసిడర్ 1,489 సీసీ బీఎంసీ ఇంజన్, ప్రీమియర్ పద్మిని 1,089 సీసీ ఫియట్ ఇంజన్, పాత మహీంద్రా జీపు హరికేన్ పెట్రోలు ఇంజన్, ఈ మూడింటికీ క్రాంక్ షాఫ్ట్‌ను మోసే మెయిన్ బేరింగులు మూడే. రెండు బేరింగుల నడుమ పొడవు ఎక్కువ కాబట్టి తూకం తప్పితే క్రాంకు తొందరగా వంగి సాగి అలుస్తుంది. ఈ ఇంజన్లలో ఫ్లైవీలు తనంతట తాను సమతూకంగా ఉండాలి. దాని మీద కావాలని పెట్టిన ఎదురు బరువు ఉండదు.

అమెరికన్ వీ-8 ఇంజన్లలో కొన్నింటి సంగతి వేరు. వాటి క్రాంకు తూకం ఫ్లైవీలు మీద కొంత, ముందు డాంపర్ మీద కొంత కావాలని ఉంచిన బరువుతో పూర్తవుతుంది. ఫోర్డ్ 302 ఇంజన్‌కు ఆ బరువు మొదట 28 ఔన్స్-అంగుళాలు. 1980ల మొదట్లో దాన్ని 50కి మార్చారు. పాతదీ కొత్తదీ ఒకే బోల్టులకు దిగిపోతాయి. తప్పు ఫ్లైవీలు దిగితే 3,000 చుట్ల దగ్గర దాదాపు 160 కిలోల బరువంత లాగుడు క్రాంకు వెనక కొస మీద పడుతుంది. అమెరికాలో ఈ ఇంజన్ ఉన్న పాత మస్టాంగ్ కొనే తెలుగువాళ్లు ఫ్లైవీలు మీది నంబరు చూడకుండా కట్టించుకోకూడదు.

మన దగ్గర కలగాపులగం వేరే దారుల్లో జరుగుతుంది. సిలిండరు ఒక్కటే పాడైతే దానికి స్లీవు వేసి మామూలు సైజు పిస్టన్ పెడతారు, మిగతా మూడూ ఓవర్‌సైజువి ఉంటాయి. విరిగిన కనెక్టింగ్ రాడ్డు స్థానంలో స్క్రాపు ఇంజన్‌లోని రాడ్డు వస్తుంది. పెట్రోలు జీపుకు డీజిలు ఇంజన్ ఎక్కించినప్పుడు క్లచ్ సెట్టు ఒకచోటిది, ఫ్లైవీలు మరోచోటిది.

కనిపెట్టే క్రమం

మొదట అదురు ఇంజన్‌దా, చక్రాలదా తేల్చాలి. బండి నిలిపి, న్యూట్రల్‌లో ఇంజన్ వేగం మెల్లగా పెంచాలి. నిలబడి ఉన్నప్పుడు రాక, రోడ్డు మీద ఒక వేగం దగ్గరే వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్, జాయింట్ క్రాసులు, చక్రాలు చూడాలి. నడిచే బండిని న్యూట్రల్ చేసి అదురు ఉందో పోయిందో చూసే పరీక్ష చదును రోడ్డు మీదే చేయాలి. ఘాటు దిగుడులో న్యూట్రల్ చేస్తే ఇంజన్ పట్టు పోయి బ్రేకులు కాలిపోతాయి.

తర్వాత అదురు ఏ వేగంలో వస్తోందో గమనించాలి. స్లో స్పీడులో ఎక్కువై, వేగం పెంచగానే తగ్గితే ప్లగ్గు, కరెంటు, వాల్వుల తేడా అయి ఉంటుంది. ఒక్క వేగం దగ్గర మోగి, దాటగానే పోతే మౌంటింగుల మీద అనుమానం. వేగంతో పాటు ఆగకుండా పెరుగుతూ పోయేదే తూకపు తేడా. ఈ ఒక్క గుర్తును నమ్మితే సగం పొరపాట్లు తప్పుతాయి.

పాత బండి దగ్గర మొబైలు ఫోను ఈరోజు మంచి పనిముట్టు. వణుకును పౌనఃపున్యాలుగా విడదీసి చూపే యాప్ తెరిచి, ఫోనును ఇంజన్ దగ్గరి చట్రానికి గట్టిగా ఆనించి, ఇంజన్‌ను 1,500 దగ్గర నిలపాలి. అంటే సెకనుకు 25 చుట్లు. గీత 12.5 దగ్గర లేస్తే ఒక సిలిండరు సరిగా మండడం లేదు. 50 దగ్గర లేస్తే అది ఇందాక చెప్పిన పుట్టుక అదురు. 25 దగ్గర లేస్తే తూకం. అందులోనూ పక్కలకూ నిలువుకూ సమంగా ఉంటే తిరిగే భాగం మీద, నిలువులోనే ఎక్కువుంటే పిస్టన్ల బరువు మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఇది సూచనే, రుజువు కాదు.

ఆ తర్వాత విప్పకుండానే ఒక్కో భాగాన్ని పక్కకు తప్పించాలి. ఫ్యాను బెల్టు తీసి ఒక్క నిమిషం నడిపితే ఫ్యాను, డైనమో, వాటర్ పంపు లెక్కలోంచి పోతాయి. క్లచ్ తొక్కి కొన్ని క్షణాలు ఉంచితే క్లచ్ ప్లేటు, గేరుబాక్సు ముందు షాఫ్టు వేగం తగ్గి నిలుస్తాయి. అప్పటికీ అదురు మారకపోతే ఫ్లైవీలు, ప్రెషర్ ప్లేటు, పుల్లీ, క్రాంకు సెట్టు మిగిలాయి. రబ్బరు రింగు ఉన్న డాంపర్ అయితే లోపలి భాగం నుంచి వెలుపలి రింగు మీదికి ఒక తెల్ల గీత గీసి కొన్నాళ్లు నడపాలి. గీత విరిగితే రబ్బరు జారింది.

గేరుబాక్సు దింపాక చేయాల్సిన తొలి పని కడగడం కాదు, గుర్తులు వెతకడం. ఫ్లైవీలుకూ ప్రెషర్ ప్లేటుకూ కలిపి తూకం కట్టినవాళ్లు రెండింటి మీదా పంచ్ గుర్తు వేస్తారు. గుర్తులు ఎదురెదురుగా లేకపోతే సగం జవాబు దొరికినట్టే. గుర్తులే లేకపోతే, డోవెల్ పిన్నులు ఒప్పుకుంటే, ప్రెషర్ ప్లేటును సగం చుట్టు తిప్పి బిగించి చూడాలి. అదురు తగ్గినా పెరిగినా తేడా ఈ రెండింటి మధ్యే ఉంది.

సరిచేయడం

ఫ్లైవీలును రెండు సమతలపు కత్తి అంచుల మీద ఇరుసుతో నిలిపితే బరువైన వైపు కిందికి దిగుతుంది. అక్కడ వెనకముఖాన లోతు తక్కువగా డ్రిల్లు వేసి తగ్గించాలి. క్రాంకుకు ఇది చాలదు. ముందు కొసన ఒకవైపు, వెనక కొసన ఎదురువైపు బరువుంటే నిలిచి ఉన్నప్పుడు అది కనిపించదు, తిరిగినప్పుడే మెలిక పెడుతుంది. దానికి తిప్పి కొలిచే బ్యాలెన్సింగు మెషీను కావాలి.

పిస్టన్లను గుడ్జన్ పిన్నులతో సహా బంగారం కొట్లో ఉండే తక్కెడ లాంటిదాని మీద తూచి, అన్నిటికంటే తేలికైనదానికి సమంగా మిగతావాటిని లోపలివైపు చెక్కించాలి. రెండు మూడు గ్రాముల లోపు తేడా ఉంటే చాలు. రాడ్డును మొత్తంగా తూస్తే లెక్క తప్పుతుంది. పెద్ద కొస తిరుగుతుంది, చిన్న కొస కిందికీ పైకీ పోతుంది. ఒక కొసను వేలాడదీసి రెండో కొసను తక్కెడ మీద ఆనించి, రెండు తూకాలూ వేరువేరుగా రాసుకోవాలి. నాలుగు రాడ్లకూ పెద్ద కొసలు పెద్ద కొసలతో, చిన్నవి చిన్నవాటితో కలవాలి.

పని అయ్యాక ఫ్లైవీలు, ప్రెషర్ ప్లేటు, క్రాంకు అంచు మూడింటి మీదా ఒకే వరసలో పంచ్ గుర్తు వేయించి, పిస్టన్ల తూకాలను బండి కాగితాలతో పాటు దాచాలి. మరుసటిసారి క్లచ్ విప్పే మెకానిక్ వేరే ఊళ్లో ఉండవచ్చు.