ఖాళీ, వాడకం, అందుబాటు: ఇంటి కంప్యూటర్‌లో వనరుల కొలమానాల పరిణామం

వ్యాససంగ్రహం
ఇంటి కంప్యూటర్‌లో ప్రాసెసర్, మెమరీ, డిస్క్ వాడకాన్ని చూపే అంకెలు తరచు ఒకదానితో ఒకటి పొసగవు. ఈ వైరుధ్యాన్ని సాధారణంగా యంత్రదోషంగానో, వైరస్ ప్రభావంగానో భావిస్తుంటారు. 1973 నుంచి 2025 వరకు ఈ కొలమానాలు మారుతూ వచ్చిన తీరును పరిశీలిస్తే, చాలా సందర్భాలలో అంకె తప్పు కాదనీ, ఆ అంకెకు పెట్టిన పేరు అది కొలిచే విషయాన్ని సరిగా చెప్పకపోవడమే చిక్కుకు మూలమనీ తెలుస్తుంది. ఆ పరిణామాన్ని వివరించి, దాని ఆధారంగా దోషనిర్ధారణకు ఉపకరించే క్రమాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వనరుల వాడకం, లోడ్ యావరేజ్, టాస్క్ మేనేజర్, మెమరీ, పారిభాషిక పదాలు, దోషనిర్ధారణ.

1. ఉపోద్ఘాతం
కంప్యూటర్ నెమ్మదించినప్పుడు వినియోగదారు మొదట చూసేది వనరుల పట్టిక. 8 గిగాబైట్ల మెమరీలో ‘ఖాళీ’ కొద్ది మెగాబైట్లే కనిపిస్తుంది. ప్రోగ్రాములు వాడుతున్న మెమరీని విడివిడిగా కూడితే మొత్తం సరిపోదు. ప్రాసెసర్ వాడకం ఒక పుటలో 100 శాతం, మరో పుటలో 70 శాతం ఉంటుంది. ఈ అంకెలను నమ్మి అక్కరలేని మెమరీ కొనేవారున్నారు. సిస్టమ్‌ను పూర్తిగా తుడిచి మళ్లీ స్థాపించేవారూ ఉన్నారు. సిద్ధాంతగ్రంథం చిత్తుప్రతులు, స్కాన్ చేసిన తాళపత్రాల చిత్రాలు అదే యంత్రంలో ఉన్న పరిశోధకునికి ఇటువంటి తొందరపాటు నిర్ణయం ఏళ్ల శ్రమను పోగొట్టవచ్చు. కాబట్టి ఈ అంకెలు ఏ అవసరం కోసం పుట్టాయో తెలుసుకోవడం అవసరం.

2. ఉమ్మడి యంత్రాల కాలం
వనరుల కొలమానాలు ఇంటి కంప్యూటర్ కోసం పుట్టినవి కావు. ఒకే పెద్ద యంత్రాన్ని అనేకమంది పంచుకునే కాలంలో, దాని మీద ఎంత రద్దీ ఉందో తెలుసుకోవడానికి అవి ఏర్పడ్డాయి. టెనెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని లోడ్ యావరేజ్‌ను 1973 ఆగస్టు నాటి 546వ ఆర్‌ఎఫ్‌సీ పత్రం వివరించింది. ప్రాసెసర్ మీద నడుస్తున్న పనులు, దాని కోసం వేచి ఉన్న పనులు కలిపి సగటున ఎన్ని అన్నదే ఆ అంకె. యూనిక్స్ వ్యవస్థలు ఈ భావననే స్వీకరించాయి.

లినక్స్‌లో 1993లో జరిగిన ఒక మార్పుతో దీని అర్థం విస్తరించింది. డిస్క్ వంటి పరికరాల కోసం ఆగిపోయి, మధ్యలో లేపడానికి వీలులేని పనులు కూడా లెక్కలో చేరాయి. అందువల్ల నేడు లినక్స్ యంత్రంలో ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉన్నా, డిస్క్ మొరాయిస్తే లోడ్ యావరేజ్ పెరుగుతుంది. పేరు పాతదే, అది కొలిచే విషయం మాత్రం మారింది.

విలియం లెఫెవ్ర్ 1984లో రాసిన టాప్ ప్రోగ్రాము యూనిక్స్ వాడుకరులకు సజీవమైన పట్టికను అందించింది. డేవ్ ప్లమర్ రూపొందించిన టాస్క్ మేనేజర్ 1996లో విండోస్ ఎన్‌టీ 4.0తో వచ్చింది. నిర్వాహకుల కోసం పుట్టిన అంకెలు దాని వారసత్వం ద్వారా క్రమంగా ఇళ్లలోకి ప్రవేశించాయి. వాటి నిర్వచనాలు మాత్రం వాటితోపాటు రాలేదు.

3. ప్రాసెసర్ వాడకం: హారం మారిన భిన్నం
శాతం అంటే ఒక భిన్నం. అందులో హారం ఏమిటన్నది మొదటి ప్రశ్న. టాప్‌లో ‘ఐరిక్స్’, ‘సోలారిస్’ అనే రెండు పద్ధతులున్నాయి. మొదటి పద్ధతిలో ఒక కోర్ 100 శాతం. నాలుగు కోర్లను వాడే ప్రోగ్రాము 400 శాతం చూపుతుంది. రెండవ పద్ధతిలో అన్ని కోర్లూ కలిపి 100 శాతం. ఇక పీఎస్ ఆజ్ఞ ఒక ప్రక్రియ పుట్టినప్పటి నుంచి లెక్కగట్టిన సగటును చూపగా, టాప్ గడచిన కొద్ది సెకన్ల వాడకాన్ని చూపుతుంది. ఈ రెండూ ఏకీభవించకపోవడంలో దోషమేమీ లేదు.

కొలిచే పద్ధతికీ పరిమితులున్నాయి. గడియారపు ప్రతి తట్టు వద్ద ఏ పని నడుస్తోందో చూసి, ఆ వ్యవధి మొత్తాన్నీ దాని ఖాతాలో వేయడం పాత పద్ధతి. తట్టుకు ముందే పక్కకు తప్పుకొనే ప్రోగ్రాము ప్రాసెసర్‌ను ఆక్రమించి కూడా లెక్కకు దొరకకుండా ఉండగలదని త్సఫ్రిర్, ఎట్సియన్, ఫైటెల్సన్ 2007లో నిరూపించారు.

ఇంటెల్ 2002లో ప్రవేశపెట్టిన హైపర్‌థ్రెడింగ్ ఒక్కో భౌతిక కోర్‌ను రెండుగా చూపింది. ఇటువంటి నాలుగు కోర్ల యంత్రంలో నాలుగు పనులు ఒక్కో కోర్‌ను ఆక్రమించినప్పుడు పట్టిక 50 శాతమే చూపుతుంది. అంతమాత్రాన మరో అంత సామర్థ్యం మిగిలి ఉన్నట్టు కాదు. విండోస్ 8 నుంచి టాస్క్ మేనేజర్ పనిచేసిన కాలంతోపాటు ప్రాసెసర్ వేగాన్ని కూడా గణించింది. మూలవేగం కన్నా ఎక్కువ వేగంతో నడిచే ప్రాసెసర్ 70 శాతం కాలమే పనిచేసినా అంకె 100 దగ్గరకు చేరవచ్చు. ‘వివరాలు’ పుటలో మాత్రం పాత కాలగణనే కొనసాగింది. పైన చెప్పిన రెండు పుటల వైరుధ్యానికి ఇదొక కారణం. మైక్రోసాఫ్ట్ 2025లో విండోస్ 11లో ఈ పుటల లెక్కలను ఏకీకరించే మార్పును చేపట్టి, పాత అంకెను విడి నిలువు వరుసగా ఉంచింది.

4. మెమరీ: ‘ఖాళీ’ అనే పదం చేసిన చేటు
ఎక్కువ గందరగోళం మెమరీ విషయంలోనే. ఇక్కడ అపార్థం వ్యాపారానికి కూడా దారితీసింది. విండోస్ 95కు కనీసం 4 మెగాబైట్లు, సిఫారసుగా 8 మెగాబైట్లు కావలసిన రోజులవి. మెమరీని రెట్టింపు చేస్తుందన్న ప్రచారంతో 1995లో సింక్రానిస్ సంస్థ సాఫ్ట్‌రామ్95ను విక్రయించింది. లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. అది మెమరీని రెట్టింపు చేయడం లేదని సాంకేతిక పరీక్షల్లో తేలింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో చర్య తీసుకుంది. అంకె పెరిగితే చాలు, మెమరీ పెరిగినట్టేనన్న నమ్మకమే ఆ విక్రయాలకు ఊతమిచ్చింది.

విండోస్ ఎక్స్‌పీలో ‘పీఎఫ్ యూసేజ్’ పేరుతో కనిపించిన గీతను పేజ్ ఫైల్ వాడకంగా చాలామంది చదివారు. నిజానికి అది వ్యవస్థ హామీ ఇచ్చిన మొత్తం మెమరీ. అందులో పేజ్ ఫైల్‌లోకి చేరని భాగమూ ఉంటుంది. 2007లో వచ్చిన విండోస్ విస్టా, వాడబోయే ఫైళ్లను ముందుగానే మెమరీలో నింపి ఉంచేది. ‘ఖాళీ’ అంకె సున్నా దగ్గరకు రావడంతో విస్టా మెమరీని మింగేస్తోందన్న అపవాదు పుట్టింది. విండోస్ 7 టాస్క్ మేనేజర్‌లో ‘అందుబాటు’ అనే విడి అంకె చేరింది. లినక్స్‌లో 2014లో 3.14వ కెర్నెల్‌తో ఇటువంటి గణాంకమే వచ్చింది.

గ్రంథాలయంలో పాఠకులు తరచు అడిగే పుస్తకాలను బల్లమీదే ఉంచుతారు. చోటు కావలసిన పాఠకుడు వస్తే వాటిని పక్కకు తీస్తారు. ఆ బల్ల ఖాళీగా లేదు, కానీ అందుబాటులో ఉంది. ఇంగ్లీషులో ఏర్పడిన ఈ చిక్కు తెలుగులోకీ వచ్చింది. రెండు భావాలకూ ‘ఖాళీ’ అనే ఒకే మాట వాడితే పాత అపార్థం కొత్త భాషలో పునరావృతమవుతుంది.

ప్రోగ్రాముల మెమరీని కూడితే సరిపోకపోవడానికి కారణం పంపకం. ఒకే గ్రంథాలయ ఫైలును పది ప్రక్రియలు పంచుకుంటే, సాధారణ పట్టిక దాన్ని ప్రతి ప్రక్రియలోనూ లెక్కిస్తుంది. వాటా ప్రకారం పంచే కొలమానం లినక్స్‌లో 2008లో వచ్చింది.

డిస్క్ విషయంలో తేడా ప్రమాణానిది. 500 గిగాబైట్లుగా కొన్న డిస్క్‌ను విండోస్ దాదాపు 465గా చూపుతుంది. తయారీదారు దశాంశ పద్ధతిలో, విండోస్ ద్వ్యంశ పద్ధతిలో లెక్కించడమే కారణం. ఈ భేదాన్ని తొలగించడానికి అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 1998లో కిబి, మెబి, గిబి అనే ఉపసర్గలను ఆమోదించినా అవి జనవాడుకలో స్థిరపడలేదు.

5. దోషనిర్ధారణ క్రమం
పై పరిణామం ఆధారంగా ఒక క్రమాన్ని సూచించవచ్చు. మొదట శాతం ఒక కోర్‌కా, అన్నిటికా అన్నది చూడాలి. తరువాత అది ఏ వ్యవధికి చెందినదో గుర్తించాలి. మెమరీలో ‘ఖాళీ’ని వదిలి ‘అందుబాటు’ను చదవాలి. ఆపై అదే క్షణంలో, అదే నిర్వచనం గల మరో సాధనంతో పోల్చాలి. అప్పటికీ తేడా మిగిలితేనే దోషాన్ని వెదకాలి. డ్రైవర్లు కెర్నెల్‌లో పట్టి ఉంచి విడువని మెమరీ ఏ ప్రోగ్రాము ఖాతాలోనూ కనిపించదు. దాన్ని రామ్‌మ్యాప్, పూల్‌మాన్ వంటి సాధనాలతో పట్టుకోవచ్చు. అంతర్గత గ్రాఫిక్స్ కోసం కేటాయించిన భాగం వల్ల కూడా వాడదగిన మెమరీ తగ్గి కనిపిస్తుంది.

6. ముగింపు
• వనరుల అంకెలు చాలావరకు ఉమ్మడి యంత్రాల నిర్వహణ అవసరాల నుంచి పుట్టి, తగిన వివరణ లేకుండా ఇంటి కంప్యూటర్‌లోకి వచ్చాయి.
• యంత్రనిర్మాణం మారినప్పుడల్లా కొలిచే విషయం మారింది. పేరు చాలాసార్లు అలాగే మిగిలింది.
• సరిదిద్దే ప్రయత్నాలలో ‘అందుబాటు’ వంటివి ఉన్న అంకెను మార్చకుండా, సరైన పేరుతో కొత్త అంకెను చేర్చాయి.
• తెలుగు పారిభాషిక పదకల్పనలో ‘ఖాళీ’, ‘అందుబాటు’, ‘కేటాయింపు’, ‘వాడకం’ అనే నాలుగింటినీ వేర్వేరు భావాలకు స్థిరపరచాలి. పట్టికను సరిగా చదవగలిగిన వినియోగదారుకు అనవసరమైన ఖర్చూ, సమాచారనష్టమూ తప్పుతాయి.