బౌన్ వీధి చెప్పే చరిత్ర

మీలో చాలామంది న్యూయార్క్ నగరంలోని ఫ్లషింగ్ గణపతి ఆలయాన్ని దర్శించే ఉంటారు. 1977 జూలై 4న కుంభాభిషేకం జరుపుకొన్న ఆ ఆలయం బౌన్ వీధిలో ఉన్నది. ఆ వీధికి ఆ పేరెలా వచ్చినదో తెలుసుకొంటే, ఈ దేశంలో ఆరాధనా స్వేచ్ఛ ఎంత కష్టార్జితమో మీకు బోధపడుతుంది.

17వ శతాబ్దిలో ఆ ప్రాంతం డచ్చివారి వలసరాజ్యం. ఫ్లషింగ్‌లో స్థిరపడిన ఆంగ్లేయులకు 1645 నాటి అధికారపత్రం అంతరాత్మ స్వేచ్ఛను వాగ్దానం చేసింది. అయినా పాలకుడు పీటర్ స్టైవెసాంట్ డచ్చి చర్చి ఆరాధన తప్ప మరొకదానిని సహించలేదు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవారికి ఆశ్రయమిచ్చిన గృహస్థులకు జరిమానాలు విధించాడు.

1657 డిసెంబరు 27న ఫ్లషింగ్ వాసులు సుమారు 30 మంది ఆ ఆజ్ఞను పాటించలేమని ఒక విజ్ఞాపన పత్రం సమర్పించారు. వారెవరూ క్వేకర్లు కారు. ప్రేమ, శాంతి, స్వేచ్ఛ యూదులకు, తురుష్కులకు సైతం వర్తిస్తాయని, సద్భావంతో వచ్చినవారికి తలుపు మూయలేమని వారు విన్నవించారు. ఫలితంగా షెరీఫు టోబియాస్ ఫీక్ పదవి కోల్పోయాడు. పత్రం వ్రాసిన ఎడ్వర్డ్ హార్ట్ కారాగారం పాలయ్యాడు. నిర్బంధానికి తాళలేక కొందరు క్షమాపణ వేడుకొన్నారు. ఆనాటికి ఆ ప్రయత్నం విఫలమైనట్లే కనిపించింది.

1662లో జాన్ బౌన్ అనే రైతు తన ఇంట క్వేకర్ల ప్రార్థనలు జరిపించి పట్టుబడ్డాడు. జరిమానా కట్టనన్నాడు, దేశబహిష్కృతుడయ్యాడు. హాలెండు చేరి, వలసరాజ్యాన్ని నడిపే డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ అధిపతుల ఎదుట తన వాదం వినిపించాడు. శాంతియుతంగా మెలగేవారి అంతరాత్మలను నిర్బంధించరాదని 1663లో వారు స్టైవెసాంట్‌కు వ్రాశారు. మరుసటి ఏడు బౌన్ ఇల్లు చేరుకొన్నాడు. ఆ ఇల్లు నేటికీ అదే వీధిలో నిలిచి ఉన్నది. విజ్ఞాపన పత్రం 1911 నాటి అగ్నిప్రమాదంలో అంచులు కాలినా, ఆల్బనీలో భద్రంగా ఉన్నది. 1791లో రాజ్యాంగానికి చేరిన మత స్వాతంత్ర్య హామీకి దానిని పూర్వగామిగా చరిత్రకారులు ఎంచుతారు.

యువమిత్రులారా, ఆ 30 మంది సంతకం చేసినది తమ ఆరాధన కోసం కాదు, పొరుగువారి ఆరాధన కోసం. మన ఆలయాలు నేడు ఆ స్వేచ్ఛా ఫలాన్నే అనుభవిస్తున్నాయి. రేపు మీ ఊరిలో ఒక మసీదుకో, గురుద్వారాకో, యూదుల ప్రార్థనామందిరానికో అభ్యంతరాలు ఎదురైతే, ఆ సభకు వెళ్ళి వారి పక్షాన మాట్లాడండి. మనం తీర్చుకోవలసిన ఋణం అది.