జెర్సీ మీది జాగా

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుండగానే నారింజ రంగు కళ్లలో పడుతుంది. ఏప్రిల్ నెల, సాయంత్రం నాలుగు. రోడ్డు ఇంకా సెగలు కక్కుతోంది. ఉప్పల్‌లో ఏడున్నరకు మ్యాచ్. నిన్నటిదాకా చున్నీలు, ఫోన్ కవర్లు వేలాడిన ఇనుప స్టాండ్ల నిండా ఇవాళ సన్‌రైజర్స్ చొక్కాలే.

"సైజు చెప్పన్నా. ఎల్లా, ఎక్సెల్లా?"

మీరింకా ఆగనే లేదు. ఇరవై ఏళ్లు కూడా ఉండని కుర్రాడు అప్పటికే ఓ చొక్కా మీ భుజాలకు ఆనించి కొలిచేశాడు.

"ఎంత?"

"మూడొందల యాభై."

"రెండొందలకిస్తవా?"

"గిట్టదన్నా. లాస్ట్ రెండు యాభై. ప్రింట్ సూడు, గీకినా పోదు."

గోరుతో గీకి చూడండి, నిజంగానే పోదు. కాగితం మీద అచ్చేసిన బొమ్మను వేడి ప్రెస్ కింద పెడితే రంగు పాలియెస్టర్ దారంలోకే దిగిపోతుంది. ఇప్పుడు చొక్కాను వెలుతురుకు పట్టి చూడండి. ఎగిరే గద్ద బొమ్మ కాస్త వంకరగా ఉంది. కాలర్ కుట్టు ఒక పక్కకు జారింది. కానీ ఛాతీ మీద, చేతుల మీద, వీపు మీద ఉన్న కంపెనీల పేర్లలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఇవన్నీ ఎందుకు వేశారని అడిగితే కుర్రాడు మిమ్మల్ని జాలిగా చూస్తాడు.

"అవి లేకుంటే డూప్లికేట్ అంటరన్నా!"

క్రీడా వ్యాపారం మీద నేను విన్న మాటల్లో ఇంత సూటిగా ఉన్నది మరొకటి లేదు. 2023 జూన్‌లో అడిడాస్ టీమిండియా చొక్కాలు విడుదల చేసినప్పుడు ఆటగాళ్లు వేసుకునే రకం 4,999 రూపాయలు, దాని నకలు 2,999, అభిమానుల కోసమని చేసినది 999. ఈ ఫుట్‌పాత్ వల్ల చొక్కా తయారుచేసే కంపెనీకి నష్టమే. ఛాతీ మీద పేరు వేయించుకున్న కంపెనీకి మాత్రం నయాపైసా నష్టం లేదు. దొంగ సరుకు కూడా దాని పేరునే మోస్తుంది. కోట్లు పోసి ఆ కంపెనీ కొన్నది పదకొండు మంది ఛాతీలనే. మిగతా వేలమంది తమ జేబులోంచి రెండు వందల యాభై తీసి, ఎండలో నడుస్తూ ఆ పేరును ఊరేగిస్తారు.

స్టాండ్ చివర, కాస్త దుమ్ము పట్టి, పాత టీమిండియా చొక్కాలున్నాయి. నీలం మీద తెల్లగా డ్రీమ్11. పాత స్టాక్, నూట యాభైకే ఇస్తానంటాడు. ఆ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 2023 జులైలో టీమిండియా ఛాతీ మీది ఆ జాగాను మూడేళ్లకు 358 కోట్లకు కొన్న ఆన్‌లైన్ ఆటల కంపెనీ అది. కానీ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే పని చేసింది. అంటే దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ కుర్రాడు వేసుకు తిరిగిన చొక్కా మీద ఉన్నది, ఆ కుర్రాడు ఇక్కడ డబ్బు పెట్టి ఆడటానికి చట్టం ఒప్పుకోని ఆట. ప్రకటనకు అడ్డు లేదు, ఆటకే అడ్డు. ఈ తిరకాసు ఏళ్ల తరబడి అందరి కళ్లముందే నడిచింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేశాక గానీ ఆ పేరు చొక్కా మీంచి దిగలేదు.

దిగాక ఏమైందో గుర్తుందా? సెప్టెంబరులో ఆసియా కప్‌కు భారత జట్టు స్పాన్సర్ లేకుండానే వెళ్లింది. దుబాయ్‌లో 28వ తేదీ రాత్రి పాకిస్తాన్ మీద ఫైనల్ గెలిపించిన మన తిలక్ వర్మ, 69 నాటౌట్, ఛాతీ మీద దేశం పేరుతోనే ఆడాడు. ఆట ఏమీ తగ్గలేదు. అప్పటికే అపోలో టైర్స్ 579 కోట్లకు ఆ జాగా కొనేసింది.

ఆ జాగాకు వాస్తు బాగాలేదని క్రికెట్ పిచ్చోళ్లు నవ్వుకుంటారు. సహారా పేరుండేది, ఆ సంస్థ అధిపతి 2014లో జైలుకెళ్లాడు. ఒప్పో అయిదేళ్లకు 1,079 కోట్లని 2017లో వచ్చి, మధ్యలోనే బైజూస్‌కు అప్పగించి తప్పుకుంది. బైజూస్ సుమారు 158.9 కోట్లు క్రికెట్ బోర్డుకు బాకీ పడి, 2024 జులైలో దివాలా విచారణలో చిక్కుకుంది. కోచింగ్ సెంటర్ల మీద బతికే ఈ రోడ్డు మీద, చదువు చెప్పే కంపెనీ పేరుతో ఉన్న క్రికెట్ చొక్కా ఒకప్పుడు ఎంత జోరుగా అమ్ముడుపోయి ఉంటుందో మీరే ఊహించుకోండి.

"శ్రీచరణి పేరున్నది ఉందా?" అని అడిగి చూడండి.

"ఎవరన్నా?"

కడప జిల్లా అమ్మాయి. 2025 నవంబరు 2న మహిళల ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉంది, ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. కుర్రాడు తల గోక్కుంటాడు. అయినా బేరం వదులుకోడు. "పేరు రాసియ్యన్నా, పది నిమిషాలల్ల కొట్టిచ్చుకొస్త." తప్పు అతనిది కాదు. టీవీ ఎవరి ముఖాన్ని రోజుకు వందసార్లు చూపిస్తే ఆ పేరే స్టాండ్ మీదికి వస్తుంది.

నడుద్దాం. చైతన్యపురి వైపు మెట్రో స్తంభాల నీడలోంచి పోవచ్చు. తలెత్తితే రెండు వైపులా ర్యాంకర్ల ముఖాలు. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంక్, పోలీస్. పాస్‌పోర్టు ఫొటో, కింద హాల్ టికెట్ నంబరు, పక్కన మార్కులు. ఒకే ముఖం రెండు వేర్వేరు బోర్డుల మీద కనిపించినా ఇక్కడెవరూ ఉలిక్కిపడరు. గెలిచినవాడి ముఖం పెట్టి ఆశను అమ్మే విద్య ఈ పేటకు ఐపీఎల్ కంటే ముందే వచ్చు. వేసవి క్రికెట్ క్యాంపుల ఫ్లెక్సీలు కూడా అదే బడిలో చదువుకున్నాయి. ధోనీయో కోహ్లీయో బ్యాట్ ఎత్తి నిలబడి ఉంటాడు, కింద ఫీజు, ఫోన్ నంబరు. ఆ ఫొటోకు వాళ్లను అడిగారా అని అడక్కండి.

కుడివైపు సందుల్లోకి తిరిగితే సరూర్‌నగర్. ఇక్కడి ఫ్లెక్సీల్ని నేను ఆపి మరీ చదువుతాను. నైట్ టెన్నిస్ బాల్ టోర్నమెంట్. పై వరసలో పెద్ద నాయకుల తలలు, హోదాను బట్టి సైజు. మధ్యలో నమస్కారం పెడుతూ ఒక అన్న, నిలువెత్తున. ఆయన మోకాలి దగ్గర కప్పు బొమ్మ. ఇంకా కిందికి ఎంట్రీ ఫీజు, ఫస్ట్ ప్రైజ్, సెకండ్ ప్రైజ్. అట్టడుగున ఓ పళ్ల ఆసుపత్రి, ఓ టిఫిన్ సెంటర్, ఇబ్రహీంపట్నం వైపు ప్లాట్లు అమ్మే వెంచర్. జట్ల చొక్కాలకు డబ్బు అన్నదే, అందుకే వీపు మీద ఆయన పేరు. కార్పొరేటర్ టికెట్ మీద కన్నుందని వేరే చెప్పాలా? కప్పు కన్నా అన్న ఫొటో పెద్దదని నవ్వుతాం గానీ, ఈ స్పాన్సర్ చిరునామా అందరికీ తెలుసు. ప్రైజ్ మనీ ఎగ్గొడితే గెలిచిన జట్టు తెల్లారి ఆయన గేటు ముందుంటుంది. టీవీలో మెరిసే కంపెనీలకు ఆ భయం లేదు.

కొత్తపేటలో చాయ్ తాగుదాం. పక్క బల్ల మీద ఇద్దరు పిల్లలు ఫోన్లో రీల్ చూస్తున్నారు. వార్నర్. ఇప్పటికీ వార్నరే. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో భార్యాబిడ్డలతో 'బుట్టబొమ్మ'కు స్టెప్పులేసి మన ఇళ్లలోకి వచ్చేశాడు. ఏ ఏజెన్సీ రాసిచ్చిన ప్రచారమూ ఈ ఊళ్లో ఆ పని చేయలేదు. మరుసటి ఏడాది సీజన్ మధ్యలో ఫ్రాంచైజీ అతన్ని కెప్టెన్సీ నుంచి దించింది, తర్వాత వదిలేసింది. ఊరు వదల్లేదు. 2024లో రాజమౌళితో కలిసి ఒక ప్రకటనలో కనిపించాడు, 2025లో 'రాబిన్‌హుడ్' సినిమాలో. జట్టు పోగొట్టుకున్న మనిషిని సినిమావాళ్లు దక్కించుకున్నారు.

నిజానికి హైదరాబాద్‌కు మొదట ఉన్న జట్టే వేరు. 2008లో డెక్కన్ క్రానికల్ 10.7 కోట్ల డాలర్లు పెట్టి డెక్కన్ ఛార్జర్స్‌ను కొంది. 2009లో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచారు. 2012లో బోర్డు జట్టునే రద్దు చేసింది. చెన్నై కంపెనీ సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున పాడుకొని కొత్త పేరు, కొత్త రంగు తెచ్చింది. ఛార్జర్స్ ఎద్దు బొమ్మ చొక్కా కోసం దిల్‌సుఖ్‌నగర్ అంతా వెతకండి, దొరకదు. ఊరి పేరొక్కటే మిగిలింది. 2021 వేలం తర్వాత జట్టులో హైదరాబాదీ ఒక్కడూ లేడని నగర ఎమ్మెల్యే ఒకాయన మ్యాచులే ఆపుతామన్నాడు. విశాఖ నుంచి నితీశ్ కుమార్ రెడ్డి వచ్చి, 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో బ్యాట్‌తో పుష్ప గడ్డం ఫోజు పెట్టాక ఆ వెలితి కొంత తీరింది.

ఎల్‌బీ నగర్ చౌరస్తా. ఆరు కావస్తోంది. చివరి మెట్రో స్టేషన్ ఇదే. ఫ్లైఓవర్ల కింద బుగ్గల మీద రంగు పూసే పిల్లాడి చుట్టూ గుంపు. ముఖానికి ఇరవై రూపాయలు, అందులో ఎవరి లోగో లేదు. "పాస్ ఉన్నదా అన్నా? ఒక్కటుంటె సూడు" అని ఒకడు చెవి దగ్గరికి వస్తాడు. ఆ పాసుల కథ పెద్దది. హైదరాబాద్ క్రికెట్ సంఘం వాటా పది శాతం, అంటే 3,900 టికెట్లు. ఆ లెక్క మీద గొడవ ముదిరి, 2025 మార్చిలో ఊరే వదిలి పోతామని సన్‌రైజర్స్ లేఖ రాసింది.

ఇక్కడి నుంచి ఉప్పల్ పట్టుమని పది కిలోమీటర్లు లేదు. మెట్రోలో పోవాలంటే మాత్రం అమీర్‌పేటలో రైలు మారి, నగరమంతా చుట్టి స్టేడియం స్టేషన్‌లో దిగాలి. నాగోల్, ఎల్‌బీ నగర్ మధ్య పట్టా లేదు. అందుకే అందరూ రింగ్ రోడ్డు మీద, కామినేని ఆసుపత్రి వైపు, బస్సు కోసం ఎగబడుతున్నారు. మీరూ ఎక్కండి. ఒంటికాలి మీదే ప్రయాణం. నారింజ చొక్కా వేసుకున్న అమ్మాయిలు ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటారు. మగపిల్లలు చిల్లర తీస్తారు. కండక్టర్ ఒక్కడే మామూలు చొక్కాలో ఉన్నాడు.

"జరగండి, లోపలికి జరగండి. ఇంకెందరున్నరు ఆరెంజోళ్లు?"

వీళ్లంతా ఇలా ఎగబడి చూడబోయే ఐపీఎల్ ప్రసార హక్కులు 2023 నుంచి 2027 దాకా 48,390 కోట్లు పలికాయి. అయిదేళ్లపాటు టోర్నీ పేరు ముందు తన పేరు పెట్టుకోవడానికి టాటా ఒప్పుకున్నది 2,500 కోట్లు. 2025లో చెన్నైలో సూపర్ కింగ్స్ మ్యాచ్ టికెట్ చూపించి మెట్రోలో ఉచితంగా స్టేడియానికి పోయి వచ్చారు, ఆ ఖర్చు అభిమాని మీద పడలేదు. సన్‌రైజర్స్ యజమాని సొంత ఊరు అదే, ఆ ఏర్పాటు వాళ్లకు తెలియనిదేమీ కాదు. రాత్రి పదకొండున్నరకు ఉప్పల్ నుంచి ఎల్‌బీ నగర్ తిరిగొచ్చే నాలుగు బస్సులు ఫ్రాంచైజీ తన పేరుతో నడిపితే చాలు. ఈ రోడ్డు మీద అంతకు మించిన హోర్డింగు లేదు, దాని ఖర్చూ తక్కువే.